శ్రుతి తప్పని మాట

ప్రిస్కిల్లా కనబడటం లేదు.

ఆ మాట చెప్పడానికి ఆమె తండ్రి సమ్మయ్య పొద్దున్నే స్టేషన్‌కు వచ్చాడు. మెట్లయితే ఎక్కాడు గానీ లోపలికి రాలేదు. తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. నిన్న ఇదే హాల్లో నలుగురి ముందూ తలొంచుకుని నిలబడిన మనిషి. మళ్ళీ అందులోకి అడుగు పెట్టడానికి కాళ్ళు రాలేదు.

ఎస్.ఐ. షాహీన్ కుర్చీలోంచి లేచి తనే బయటికి వచ్చింది.

"ఎప్పటిసంది కనబడ్తలేదు పెద్దాయనా?"

"పొద్దుగాల లేసి చూస్తే మంచంల లేదు మేడం. చర్చికి పోయిందేమో అనుకున్న. ఆడ లేదు. బడికి ఫోన్ చేసిన. రాలేదన్నరు."

"తన ఫోన్?"

"ఇంట్లనే ఇడిసిపెట్టి పోయింది."

"బట్టలు?"

"ఓ సంచి కనబడ్తలేదు."

సంచి అనగానే షాహీన్‌కు కొంచెం ఊపిరాడింది. బట్టలు సర్దుకుని పోయిన మనిషి మానేరు డ్యాం వైపు పోదు. ఎక్కడికో బతకడానికే పోతుంది.

"రాత్రి ఏమన్న చెప్పిందా?"

"బువ్వ తినలే. 'బాపూ, నీకు తలవంపులు తెచ్చిన' అన్నది. గంతే."

సమ్మయ్య మాటలో నిష్ఠూరం లేదు. ఒక్క మాట తిట్టినా బాగుండేదనిపించింది షాహీన్‌కు. ఆయన తలవంచింది కూతురి మాట వల్ల కాదు. ఆ మాటను ఈ హాల్లో బల్ల మీద పెట్టి మోగించిన మనిషి వల్ల. ఆ మనిషి తనే.

నిన్నటి సంగతి ఇది. మిషన్ వాడ చర్చి వాట్సాప్ గ్రూపులో ఒక ఆడియో క్లిప్ పడింది. పంపింది ఎవరో తెలియదు, గ్రూపు లింకుతో చేరిన కొత్త నంబరు. చర్చి హాల్లో మాట్లాడినట్టు చుట్టూ గుంయ్‌మనే మోత. అందులో ప్రిస్కిల్లా గొంతు.

"రిబ్కమ్మ అవ్వ పాడుతుంటే... మేక అరిచినట్టే ఉన్నది. ఆ ముసలోళ్ళ పక్కన నిలవడి పాడాల్నంటే నాకు సిగ్గయితది."

అంతే క్లిప్. కానీ ఆ వాడకు అది చాలు. రిబ్కమ్మ అక్కడ అందరికంటే పెద్దది. నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ ఆ తరం ఆడవాళ్ళు కట్టుకున్న భక్తి పాటలన్నీ ఆమె నోట్లోనే ఉన్నాయి. అవి ఆమెతోనే పోకూడదని సంఘం వాళ్ళు ఆల్బం రికార్డు చేయిస్తున్నారు. ముసలివాళ్ళు వంత పాడుతున్నారు. ముందు గొంతు ప్రిస్కిల్లాది. బడిలో పాటల టీచరు. రిబ్కమ్మ ఒళ్ళో కూర్చుని పాట నేర్చుకున్న పిల్ల.

మాటల కన్నా ఆ పలుకు అందర్నీ ఎక్కువ మండించింది. ఆ పిల్ల సాగదీసి, రాగం తీసి ఎక్కిరిస్తోంది. విన్న ప్రతివాళ్ళూ అదే అన్నారు. షాహీన్‌కూ అలాగే వినిపించింది.

వాడ ఆడవాళ్ళు కొందరు సమ్మయ్య ఇంటి మీదికి పోయారు. గొడవ అయ్యేలా ఉందని పెద్దలు స్టేషన్‌కు వచ్చారు. షాహీన్ తండ్రినీ కూతుర్నీ పిలిపించింది. ఫోన్ బల్ల మీద పెట్టి, సౌండ్ పూర్తిగా పెంచి, అందరూ వింటుండగా క్లిప్ మోగించింది.

"ఈ గొంతు నీదేనా?"

"నాదే మేడం. కాని..."

"నీదే అంటున్నవ్ గద. ఇంకా కాని ఏంది? అవ్వకు మాఫీ చెప్పు. కేసు లేదు, ఏం లేదు. అందరు ఇండ్లకు పోండ్రి."

అయిదు నిమిషాల్లో పంచాయితీ తెంపానని అప్పుడు లోపల మురిసిపోయింది కూడా.

ఇప్పుడు ఆ మురిపెం తలుచుకుంటే తన మీద తనకే చీదర పుడుతోంది.

మిస్సింగ్ కేసు రిజిస్టర్ చేసింది. బస్టాండు సీసీటీవీ తెప్పించింది. ముఖానికి చున్నీ కట్టుకున్న అమ్మాయి ఆదిలాబాద్ బస్సెక్కడం కనిపించింది. క్లిప్ పంపిన నంబరు సైబర్ సెల్‌కు ఇచ్చింది. సిమ్ భైంసాలో ఒక పత్తి వ్యాపారి పేరు మీద ఉంది. ఆయన ఫోన్ ఎక్కడో పోయి చాలా రోజులైంది. ఆ దారి అక్కడితో మూసుకుపోయింది.

స్టేషన్ నుంచి నేరుగా రిబ్కమ్మ ఇంటికి పోయింది. ముసలామె అరుగు మీద చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. కళ్ళు ఎత్తి చూసింది.

"అవ్వా, ప్రిస్కిల్లా మీద నీకు కోపముందా?"

"నన్నంటే నన్ను అననియ్యి బిడ్డా. పిల్లయితే దొరకాలె గద."

"ఆదిలాబాద్ దిక్కు ఎవరన్న ఉన్నరా వాళ్ళకు?"

"బోథ్‌ల చిన్నవ్వ ఉంటది. తల్లి సచ్చిపోయినప్పుడు ఆడనే ఏడాది ఉన్నది. ఆడికే పోతది." చిక్కుడుకాయ చేతిలో అలాగే ఉండిపోయింది. "ఓ మాట చెప్పనా? అది నన్ను అట్లన్నదంటే నమ్మబుద్ధి కాలే. మరి ఆ ఫోన్ల దాని గొంతే ఉండె. నా చెవులను నమ్మాల్నా, నా మనసును నమ్మాల్నా? చెవులనే నమ్మిన. నాకే సిగ్గనిపిస్తున్నది."

చెవులను నమ్మింది ఆ ముసలామె ఒక్కతే కాదు.

* * *

బోథ్ దాటాక మట్టి రోడ్డు. ఇరువైపులా పత్తి చేలు తెల్లగా విచ్చుకున్నాయి. చిన్నవ్వ ఇంట్లో లేదు. చేను చూపించారు. షాహీన్ జీపు రోడ్డు మీదే ఆపించి ఒక్కతే నడిచింది. యూనిఫాం చూసి కూలీలు చేతులాపారు. ఒక్కమ్మాయి ఆపలేదు. నడుముకు కట్టిన ఒడిలో పత్తి కుక్కుకుంటూ వంగే ఉంది.

"ప్రిస్కిల్లా."

"నన్ను తోలుకపోవద్దు మేడం. మాఫీ చెప్పాల్నంటే ఈన్నుంచే చెప్త. కాయితం మీద రాసిస్త."

"మాఫీ కోసం రాలే. మీ బాపు పరేషాన్ అయితుండు. నువ్వు క్షేమంగున్నవని చెప్తే చాలు. రమ్మని బలవంతం జెయ్య."

అప్పుడు లేచి నిలబడింది. పత్తికాయల మొనలు గుచ్చుకుని వేళ్ళు గీరుకుపోయి ఉన్నాయి. బడి టీచర్ చేతులు. అలవాటు లేదు.

"ఓ మాట అడుగుత. ఆ మాటలు నువ్వే అన్నవా?"

"అన్న. అన్ని మాటలు నావే. కాని గట్ల అనలే."

"అంటే?"

"స్టూడియోల అన్న. పాటకు పాటకు నడుమ రికార్డింగ్ చేసే అమీరన్నతోని మాట్లాడుకుంట అన్న. అవ్వ పాడుతుంటే కండ్లల్ల నీళ్ళొస్తయి అన్న. నాదే మేక అరిచినట్టే ఉన్నదన్న. ఆ ముసలోళ్ళ పక్కన నిలవడి పాడాల్నంటే నాకు సిగ్గయితది, అంత మంచిగ పాడుతరు అన్న. నడుమ నడుమ కోసిండ్రు."

షాహీన్ ఒక అడుగు దగ్గరికి వేసింది.

"మరి స్టేషన్ల ఎందుకు చెప్పలే?"

ప్రిస్కిల్లా ఆమె ముఖంలోకి సూటిగా చూసింది.

"గొంతు నీదేనా అని అడిగిండ్రు. నాదే అన్న. ఇంకేం అడగలే మీరు."

ఇటే చూస్తున్న కూలీలు, ఎండ, తెల్లటి చేను. షాహీన్‌కు ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు. పదేళ్ళ సర్వీసులో దొంగలు తిట్టారు, లీడర్లు బెదిరించారు. ఇంత మెల్లగా, ఇంత గట్టిగా ఎవరూ కొట్టలేదు.

"తప్పు నాదే," అంది చివరికి.

ప్రిస్కిల్లా మళ్ళీ వంగి పత్తి తీయసాగింది.

తిరుగు ప్రయాణంలో షాహీన్ జీపులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని క్లిప్ మళ్ళీ విన్నది. ఈసారి మాటలు వదిలేసి పలుకు మాత్రమే విన్నది. నిర్మల్ దాటాక వెనక్కి జరిపి మళ్ళీ విన్నది.

ఇందాక చేనులో ఆ అమ్మాయి ఇదే మాట తనతో అన్నది. "నాకు సిగ్గయితది." ఏడుపు దగ్గరి గొంతుతో, నేల మీద నడిచినట్టు, సాఫీగా అన్నది. క్లిప్‌లో అదే మాట మెట్లెక్కి దిగుతోంది. "సి", "గ్గ", "యి" అన్నవి ఒక్కొక్కటి ఒక్కో స్వరం మీద అతుక్కుని ఆగుతున్నాయి. కోపమొచ్చినా, ఎక్కిరించినా మనిషి మాట జారుతుంది. ఇలా నిక్కచ్చిగా నిలవదు.

వాడంతా ఎక్కిరింత అనుకున్నది అదే. తనూ అదే అనుకుంది.

అది ఆ పిల్ల పలుకు కాదు. ఎవరో పెట్టింది.

* * *

టవర్ సర్కిల్ దగ్గర ఒక బట్టల దుకాణం మీది అంతస్తులో అమీర్ స్టూడియో. చిన్న గది. గోడలకు నల్లటి స్పాంజి. అమీర్‌కు ముప్పై అయిదేళ్ళుంటాయి. షాహీన్‌ను చూడగానే లేచాడు. కూర్చోమని చెప్పడం మరిచిపోయాడు.

"క్లిప్ విన్నవా?"

"విన్న మేడం."

"ఆ మాటలు ఈడనే అన్నదని నీకు తెల్సా?"

అమీర్ కళ్ళు కిందికి వాలాయి.

"విన్న నిమిషంలనే తెల్సింది."

"మరి ఎందుకు నోరు మూసుకున్నవ్?"

"స్టూడియోల మాట్లాడింది బయటికి పోతదని తెలిస్తే ఇంకెవరు వస్తరు మేడం? నా పేరు పోతదనుకున్న. రెండు రోజులల్ల అందరు మర్చిపోతరనుకున్న." ఆగాడు. "ఆ పిల్ల ఇల్లు ఇడిసిపెట్టి పోతదనుకోలే. తలకాయెత్త బుద్ధయితలేదు."

ఇలా తలెత్తలేని వాళ్ళను ఈ ఒక్కరోజులో ముగ్గుర్ని చూసింది షాహీన్. తనతో కలిపి నలుగురు.

"మాట్లాడుకుంటుంటే రికార్డ్ ఎందుకు చేసినవ్?"

"నేను పాటకు పాటకు నడుమ మైకు బంద్ చెయ్య. జర ఫికర్ లేకుంట ఉన్నప్పుడే మంచి లైన్ వస్తది. అలవాటు."

"వినిపియ్యి."

అమీర్ వెతికి పెట్టాడు. గదిలో ప్రిస్కిల్లా నవ్వు వినిపించింది ముందు. తర్వాత మాటలు. చేనులో చెప్పినట్టే, అదే వరుసలో. "...అంత మంచిగ పాడుతరు వాళ్ళు." మళ్ళీ నవ్వు. గుంయ్‌మనే మోత లేదు. మెట్లెక్కడం లేదు.

"చర్చి హాల్లో మాట్లాడినట్టు ఆ మోత ఎట్లొచ్చింది?"

"ప్లగిన్ మేడం. సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే పనిముట్టు. గొంతుకు హాలు మోత తెచ్చేది ఒకటి, గొంతు పెద్దది చిన్నది కాకుంట పట్టి ఉంచేది ఒకటి, బుస్సుమనే గాలి తీసేది ఒకటి. నెట్‌ల వేలకు వేలు దొరుకుతయి."

"ఈ పాటలకు ఎన్ని వాడినవ్?"

"నాలుగో అయిదో. మొదట్ల నేను గూడ కనబడ్డదల్లా తగిలిచ్చిన. పాట మీద పాట పాడయింది. ఇప్పుడు ముందుగాల ఉత్త గొంతు వింట. ఏం తక్కువైందో నోటితోని చెప్పగలిగితేనే ప్లగిన్ తెరుస్త. అవ్వ గొంతు మీద ఏం పెట్టలే. ఆమెకు ఏం తక్కువ లేదు."

"మాటను పాట లెక్క మెట్లెక్కిచ్చేది ఉంటదా?"

అమీర్ చప్పున తలెత్తాడు. షాహీన్ ఇయర్‌ఫోన్స్ అతని చేతికిచ్చింది. విన్నాడు. ముఖం రంగు మారింది.

"శ్రుతి సరిచేసే ప్లగిన్. పాడేటోళ్ళు జర కిందికి మీదికి పోతే దగ్గరున్న స్వరానికి గుంజుతది. మాట మీద పడ్డా గుంజుతది. నేను ఇంత మనసు పెట్టి వినలే మేడం. వినబుద్ధి కాలే."

"ఈ ఆల్బంల అది వాడినవా?"

"ఒక్క గొంతు మీద."

"ఎవరిది?"

అమీర్ తెర వైపు తిరిగి మౌస్ అటూ ఇటూ కదిపాడు.

"అమీర్, ఎవరిది?"

"అది అడగొద్దు మేడం. ప్రిస్కిల్లాకు మాటిచ్చిన."

పాటల టీచరు తన గొంతుకే శ్రుతి సరిచేయించుకుని, ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుందన్నమాట. అలా అనుకుంది షాహీన్. ప్రశ్న అక్కడితో ఆపేసింది. గుమ్మం దగ్గరికి వచ్చాక పాదాలు నిలిచిపోయాయి. స్టేషన్లో చేసింది కూడా ఇదే కదా. ఒక్క జవాబు విని, మిగతాది తనే అల్లుకుంది.

వెనక్కి తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఆమె గొంతేనా?"

"కాదు," అన్నాడు అమీర్.

ఎవరిదో చెప్పాడు. ఎందుకో కూడా చెప్పాడు.

"ఈ రికార్డింగులు ఇంకెవరి దగ్గరున్నయి?"

"ఇద్దరికిచ్చిన. మ్యూజిక్ చేసిన సాగర్‌కు. చర్చి క్వయర్ మాస్టర్ ప్రేమ్‌చంద్ సార్‌కు."

* * *

సాగర్ వేములవాడలో ఉంటాడు. గుడికి పోయే దారిలో ఒక లాడ్జి పైగది. రాజన్న భక్తి పాటలు, బతుకమ్మ డీజేలు, పెళ్ళి పాటలు అన్నీ అక్కడే తయారవుతాయి. తెర మీద ఒక్క గొంతుకే పొడుగాటి ప్లగిన్ల వరుస వేలాడుతోంది.

"ప్రిస్కిల్లాతో నీకు లొల్లి అయిందట?"

"అయింది మేడం. నా డీజే పాట పాడుమన్న. పాడనన్నది. నేనో మాటన్న, ఆమెనో మాటన్నది. ఖతం."

"క్లిప్ నువ్వే చేసినవా?"

సాగర్‌కు కోపం రాలేదు. అవమానం జరిగినట్టు ముఖం పెట్టాడు.

"గా హాలు మోత విన్నరా మేడం? డబ్బాల మాట్లాడినట్టుంది. నేను చేస్తే చర్చిల కూసున్నట్టే ఉంటుండె."

"ఆ పలుకు తేడాగ అనిపియ్యలేదా నీకు?"

"శ్రుతి గుంజుడా? పొద్దంత అదే వింట. నా పాటలల్ల ప్రతి గొంతు మీద ఉంటది. నా చెవులకు మనుషులు అట్లనే మాట్లాడుతరనిపిస్తది ఇప్పుడు." నవ్వబోయి ఆగాడు. "నిజంగనే పట్టుకోలే మేడం. నా పని అదే అయ్యుండి పట్టుకోలే."

"అమీర్ నీకేం పంపిండు?"

"ఉత్త గొంతులు. దేని మీద ఏం లేదు. మ్యూజిక్ కలుపుకునేటందుకు."

ఫోల్డరు తెరిచి చూపించాడు. అలాగే ఉంది.

* * *

మర్నాడు మధ్యాహ్నం అమీర్ స్టూడియోలో అందరూ చేరారు. సమ్మయ్య, రిబ్కమ్మ, సాగర్, ప్రేమ్‌చంద్. ప్రేమ్‌చంద్‌కు అరవై దగ్గర పడ్డాయి. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. హైస్కూల్ హెడ్మాస్టరుగా చేశాడు. చర్చి క్వయర్‌ను చాలా ఏళ్ళుగా నడిపిస్తున్నాడు. పిలవగానే వచ్చాడు. అడక్కముందే తన లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"చూడండి ఎస్.ఐ. గారూ. ఆదివారం ఆరాధన లైవ్ పెట్టడం తప్ప నాకేమీ రాదు. ఆ పిల్ల నా శిష్యురాలు. నాకే సిగ్గుగా ఉంది."

"అందరికీ అట్లనే ఉంది సార్," అంది షాహీన్. "అమీర్, మొదట అసలుది వినిపియ్యి."

గదిలో ప్రిస్కిల్లా నవ్వింది. మాట్లాడింది. "రిబ్కమ్మ అవ్వ పాడుతుంటే కండ్లల్ల నీళ్ళొస్తయి అమీరన్నా..."

మాటలు ముగిసేసరికి రిబ్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సమ్మయ్య గోడవైపు తిరిగాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

"దీన్నే కోసి అతికిచ్చిండ్రు," అంది షాహీన్. "కోసినకాడ తెలవకుంట హాలు మోత పెట్టిండ్రు. కోసినోళ్ళు ఎవరో పట్టిచ్చింది మోత కాదు, పలుకు. మనమందరం ఎక్కిరింత అనుకున్నం గద, అది ఆ పిల్ల చెయ్యలే. శ్రుతి సరిచేసే ప్లగిన్ ఒకటుంటది. దాని కింద మాట పెడితే అట్ల మెట్లెక్కుతది. ఈ ఆల్బంల ఒక్కొక్క గొంతుది ఒక్కో ట్రాక్. అది ఒక్క ట్రాక్ మీదనే ఉంది."

అమీర్ తెర మీద ట్రాకుల పేర్లు తీసేసి ఉంచాడు. ఉత్త అంకెలే ఉన్నాయి. ప్రిస్కిల్లా మాటను ఒక ట్రాక్ మీద పెట్టి మోగించాడు. మామూలుగా వినిపించింది. ఇంకో ట్రాక్. మామూలే. ఇంకోటి. అంతే. తర్వాతది మోగించాడు.

"నాకు సి-గ్గ-యి-తది."

వాట్సాప్‌లో విన్నదే. అచ్చంగా అదే.

"గిదే, గిదే," అంది రిబ్కమ్మ.

"ఈ ట్రాక్ ఎవరిది?" అని అడిగాడు ప్రేమ్‌చంద్.

షాహీన్ నోటిదాకా జవాబు వచ్చింది. గదిలో అందరూ ఆమెనే చూస్తున్నారు. ఇక్కడే చెప్పేయాలి. కేసు తేలిపోతుంది. అచ్చం ఆ రోజు స్టేషన్లో ఉన్నట్టే ఉంది, బల్ల చుట్టూ జనం, మధ్యలో ఒక గొంతు.

"అవ్వా, పెద్దాయనా, సాగర్, జర మీరు బయట కూసోండ్రి," అంది.

వాళ్ళు పోయాక తనే తలుపు వేసింది.

"మీది సార్."

ప్రేమ్‌చంద్ నవ్వాడు.

"నా గొంతు మీద అదెందుకు ఉంటుందమ్మా? అది శ్రుతి లేనివాళ్ళకు కదా."

"ఈ ఫైలు ముగ్గురి దగ్గరుంది. సాగర్‌కు పోయిన దాంట్ల ఏ ప్లగిన్ లేదు. అమీర్ తనే పెట్టిండు గాబట్టి అదున్నట్టు తెల్సు, చేసేటోడయితే తీసేసి చేస్తడు. అది ఉందని తెలవనోళ్ళే దాని కింద మాటలు పెడ్తరు. మీకు మాత్రం ప్లగిన్లతో సహా మొత్తం ప్రాజెక్టు ఇచ్చిండు. మీరు మీ ట్రాక్ తెరుసుకుని వింటున్నరు. హాలు మోత గూడ దాని మీదనే ఉంది. పాట లేని ఖాళీ జాగల ఈ ముక్కలు పెట్టిండ్రు. లాప్‌టాప్ ఫోరెన్సిక్‌కు పంపుత. చెరిపేసిందంతా బయటికొస్తది. అంతకుముందే మీరు చెప్తే మంచిది."

ప్రేమ్‌చంద్ చేయి లాప్‌టాప్ మూత మీద పడింది. అక్కడే ఉండిపోయింది.

"నా పాట విన్నాను," అన్నాడు మెల్లగా. "మిక్స్ చేసి పంపితే విన్నాను. మళ్ళీ మళ్ళీ విన్నాను. నా గొంతు ఇంకా ఎంత బాగుందో చూడమని మా ఇంట్లో వాళ్ళకు వినిపించాను. ఇంత గొంతు పెట్టుకుని నాకు రెండు లైన్లు. ముందు గొంతు ఆ పిల్లకు. నేను నేర్పిన పిల్లకు. ఈ వయసులో ఎవరికీ పనికిరానివాణ్ణి అయ్యానా అనుకున్నాను. ఒక్కసారి మాట పడితే, నాలుగు రోజులు పక్కన కూర్చుంటే, మళ్ళీ నన్నే పాడమంటారు అనుకున్నాను. ఊరు విడిచి పోతుందనుకోలేదు."

"ఆ నంబరు?"

"భైంసా బస్సులో ఫోన్ దొరికింది. ఇచ్చేద్దామనే తెచ్చాను."

ప్రేమ్‌చంద్ అమీర్ వైపు తిరిగాడు.

"అది తీసి వినిపించు."

"వద్దు సార్."

"వినిపించు బాబూ."

అమీర్ షాహీన్ వైపు చూశాడు. ఒక మీట నొక్కాడు.

ప్రేమ్‌చంద్ గొంతు వినిపించింది. వయసు మళ్ళిన గొంతు. పై స్వరం అందుకోబోయి కిందే జారిపోయింది. మళ్ళీ అందుకోబోయింది. మళ్ళీ జారింది. ఆయన కళ్ళు మూసుకుని రెండు లైన్లూ చివరిదాకా విన్నాడు.

"ఇదెప్పుడు పెట్టావు?"

"మీరు పాడి పోయిన రోజే సార్."

"సంఘం వాళ్ళు పెట్టమన్నారా?"

"వాళ్ళకు తెలవదు. ప్రిస్కిల్లా పెట్టుమన్నది. మాస్టర్ గొంతు జర అలసింది, ఎవరికి తెలవకుంట సరిచెయ్యన్నా, మాస్టర్‌కు గూడ తెలవొద్దు, ఆయన బాధపడ్తడు అన్నది. నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నది."

ప్రేమ్‌చంద్ అరచేతులు రెండూ ముఖానికి కప్పుకుని, చిన్నపిల్లవాడిలా ముందుకు వంగిపోయాడు. షాహీన్ చూపు తిప్పుకుంది. నేరస్థుడు దొరికాక ఎప్పుడూ కలిగే తృప్తి కోసం లోపల వెతుక్కుంది. దొరకలేదు.

* * *

ఐటీ యాక్ట్ కింద కేసు నమోదైంది. ఇది తన పనే అని ప్రేమ్‌చంద్ చర్చి గ్రూపులో తన పేరుతోనే రాశాడు. ఎందుకు చేశాడో వాడలో ఎవరికీ అంతుపట్టలేదు. షాహీన్ చెప్పలేదు, అమీర్ చెప్పలేదు. కేసు డైరీలో అసూయ అన్న ఒక్క ముక్క ఉంది.

షాహీన్ మళ్ళీ బోథ్ పోయింది. ఈసారి సమ్మయ్యను, రిబ్కమ్మను వెంట తీసుకుపోయింది. రిబ్కమ్మ చేను గట్టు మీదినుంచే "ఓ పిల్లా" అని కేకేసింది. ప్రిస్కిల్లా ఒడిలో పత్తి జారిపోతున్నా చూసుకోకుండా పరిగెత్తుకొచ్చింది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో షాహీన్ వినలేదు. దూరంగా జీపు దగ్గర ఉండిపోయింది. అంతా అయ్యాక దగ్గరికి పోయి, కూలీలందరూ చూస్తుండగా, "నువ్వు చెప్తుంటే నేను విననేలేదు. మాఫ్ చెయ్యి," అంది. ప్రిస్కిల్లా తల ఊపింది. సరే అని కాదు, విన్నాను అన్నట్టు.

అసలు మాటలు చర్చిలో వినిపించడానికి ఒప్పుకుంది. "మాస్టర్ గొంతు సంగతి మాత్రం ఎవరికి వద్దు మేడం," అంది. "ఆ ప్లగిన్ గూడ అట్లనే ఉండనియ్యిండ్రి."

ఆదివారం చర్చిలో ఆ నవ్వూ ఆ మాటలూ వినిపిస్తుంటే సమ్మయ్య ఇంటి మీదికి పోయిన ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చివరి వరుసలో నిలబడిన షాహీన్ కూడా ఎవరి ముఖమూ చూడలేదు.

ఆల్బంలో ఒక పాట మిగిలింది. రికార్డింగు రోజు అమీర్ ఫోన్ చేసి రమ్మంటే షాహీన్ పోయింది. అద్దం అవతల ప్రిస్కిల్లా, పక్కన రిబ్కమ్మ. పాట మొదలైంది. ముసలి గొంతు, పడుచు గొంతు ఒకదాని మీద ఒకటి వాలి నడిచాయి. ఏ ప్లగిన్ అవసరం లేని పాట. షాహీన్ కళ్ళు చెమర్చాయి.

పాట అయిపోయింది. మైకు ఇంకా తెరిచే ఉంది.

"ఎట్లుంది చెల్లె? ఇంకోసారి పాడుతవా?" అన్నాడు అమీర్ ఇవతలి నుంచి.

ప్రిస్కిల్లా మైకు వైపు చూసింది. పెదవులు బిగించి, పాడతానని తల మాత్రం ఊపింది.

"అప్పట్ల పాటకు పాటకు నడుమ నోరు ఊకుంటుండెనా మేడం," అన్నాడు అమీర్ గొంతు తగ్గించి. "ఇప్పుడు మైకు ముంగట పాట తప్ప ఒక్క మాట మాట్లాడదు."

షాహీన్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, అద్దంలోంచి ఆ అమ్మాయి ముఖం చూడలేక, తల దించుకుని రెండోసారి పాట విన్నది.